పలుగురాళ్ల చెల్కల్లో పికప్ టైర్లు: 20,000 కిలోమీటర్ల డైరీ

బండి: ఫోర్ బై ఫోర్ డబుల్ క్యాబిన్ పికప్, డీజిల్. టైరు సైజు 245/70 ఆర్16.
నేల: కొండమల్లేపల్లి దగ్గర బత్తాయి తోట, దేవరకొండ అవతల చందంపేట వైపు కౌలుకు చేస్తున్న కంది, పత్తి చేలు.
తిరుగుడు: పదింట ఏడు వంతులు తారు రోడ్డు, ఎక్కువగా బాటసింగారం పండ్ల మార్కెట్టుకు. మిగిలింది బండ్ల బాటలు, ఒర్రెలు, చెరువు కట్టలు, దున్నిన చేలు.

నల్గొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ పక్క వ్యవసాయానికి పికప్ నడిపేవాళ్ల కోసం ఈ లెక్కలు. గాలి కొలతలు, వేరే చెప్పినచోట తప్ప, పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు తీసినవి. పాయింట్లు అన్నచోటల్లా గేజి మీది, చదరపు అంగుళానికి పౌండ్ల లెక్కలో గాలి ఒత్తిడి చూపే, పిఎస్‌ఐ అంకె.

దశ 1: పాత టైర్ల కొలతలు

కొత్తవి కొనేముందు పాతవి ఎట్లా అరిగాయో చూడాలి. బండితో వచ్చిన హైవే టైర్లు 46,000 కిలోమీటర్లు నడిచాయి. ఒక్కో టైరుకు మూడు చోట్ల గాడి లోతు తీశాను. వరుస: బయటి అంచు, నడుమ, లోపలి అంచు. అంకెలు మిల్లీమీటర్లలో.

ముందు ఎడమ: 2.1, 3.0, 2.9
ముందు కుడి: 2.2, 3.1, 2.8
వెనక ఎడమ: 3.2, 2.2, 3.1
వెనక కుడి: 3.1, 2.3, 3.2

కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 94వ నియమం ప్రకారం ఇట్లాంటి బండికి కనీసం 1.6 మి.మీ. లోతు ఉండాలి. ఆ లెక్కన ఇవి ఇంకా చెల్లుతాయి. తడిసిన చెరువు కట్ట మీద మాత్రం 3 మి.మీ. దగ్గరికి వచ్చినప్పటి నుంచే బండి పక్కకు జారడం మొదలైంది. చేలల్లోకి దిగే బండికి 3 మి.మీ.నే ఆఖరు అనుకోవాలి.

అంకెల్లో రెండు జబ్బులు కనిపిస్తున్నాయి. ముందు టైర్లకు బయటి అంచు ఎక్కువ అరిగింది. అలైన్‌మెంట్ (చక్రాలు నిలబడే కోణాల అమరిక) అయినా తప్పి ఉండాలి, కింద ఏదైనా లూజు అయినా ఉండాలి. వెనక టైర్లకు నడుమ అరిగింది. వెనక ఎప్పుడూ 42 పాయింట్లు ఉండేది, లోడు ఉన్నా లేకున్నా. ఖాళీ బండికి అంత గాలి ఉంటే టైరు నడుమ ఉబ్బి, నడుమ మీదే నడుస్తుంది.

అది నిజమేనా అని వేబ్రిడ్జి మీద ముందు చక్రాలను, వెనక చక్రాలను విడివిడిగా తూకం వేయించాను.

ఖాళీ బండి: ముందు 1,060 కిలోలు, వెనక 820.
500 కిలోల బత్తాయి, ఇద్దరు మనుషులు: ముందు 1,130, వెనక 1,380.

అంటే వెనక ఒక్కో టైరు మీద ఖాళీగా 410 కిలోలు, లోడుతో 690. రెండింటికీ ఒకే గాలి సరిపోదని ఈ తూకం చీటీయే చెబుతోంది. కొత్త టైర్ల మీద డబ్బు పెట్టే ప్రతివాళ్లూ ముందు ఈ తూకం వేయించుకోవాలని నా గట్టి అభిప్రాయం.

ఇంకో పరీక్ష. సొంత గేజితో 35 పాయింట్లు పెట్టి, ఒకే పొద్దున మూడు చోట్ల గాలి చూపించాను. ఒక దగ్గర 31, ఒక దగ్గర 35, ఒక దగ్గర 38 వచ్చింది. ఏడు పాయింట్ల తేడా! అప్పటి నుంచి ఎక్కడ గాలి కొట్టించినా సొంత గేజితో చూసుకున్నాకే బండి కదులుతోంది.

ఖర్చు: ట్రెడ్ గేజి 220, గాలి గేజి 750, తూకం 200.
మొత్తం: రూ. 1,170

దశ 2: ఏ టైరు

సైజు. చాలామంది 265/70 ఆర్16 వేయమన్నారు. లెక్క కట్టాను. మన సైజు టైరు ఎత్తు 749 మి.మీ., అది 777. ఎత్తు తేడా 28 మి.మీ. కాబట్టి బండి కింద పెరిగే జాగా అందులో సగం, 14 మి.మీ. స్పీడోమీటరు 60 చూపితే నిజంగా 62 దాటి నడుస్తుంది. గేరు లాగుడు 3.6 శాతం తగ్గుతుంది. తెలిసినవాళ్ల బండి నుంచి ఒక చక్రం తెచ్చి బిగించి, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే లోపలి ప్లాస్టిక్‌కు రాసుకుంది. స్టెప్నీ జాగాలో కూడా పట్టలేదు. పద్నాలుగు మిల్లీమీటర్ల కోసం ఇన్ని మార్పులు దండగ. కంపెనీ సైజే ఉంచాను.

రకం. మడ్ టైరా, ఆల్ టెరైన్ (రోడ్డుకూ మట్టికీ పనికొచ్చే) టైరా అన్నదానికి మన నేలే జవాబు చెబుతుంది. మడ్ టైరుకు బటన్లు (నేలకు ఆనే రబ్బరు దిమ్మలు) పెద్దవి, సందులు వెడల్పు. బురద విదిల్చుకోవడానికి అట్లా చేస్తారు. చందంపేట వైపు నల్లరేగడి వాన పడ్డాక ఎంత వెడల్పు సందునైనా నింపేస్తుంది. చక్రం జోరుగా తిరిగితే తప్ప విదలదు, చేలో అంత జోరు పనికిరాదు. పైగా మా తిరుగుడులో ఎక్కువ భాగం తారు రోడ్డు. మే నెలలో 44, 45 డిగ్రీల ఎండలో కాలే తారు మీద మెత్తటి పెద్ద బటన్లు త్వరగా అరుగుతాయి, తడి రోడ్డు మీద బ్రేకు దూరం పెరుగుతుంది, మోత సరేసరి. అందుకని ఆల్ టెరైన్.

పక్క గోడ. మా దగ్గర టైర్లను చంపేది బురద కాదు, పలుగురాయి. ఎర్ర చెల్కల్లో తెల్లగా మెరిసే ఆ రాయి పగిలినచోట గాజు పెంకులా ఉంటుంది. అది ట్రెడ్ (టైరు నేలకు ఆనే భాగం) కింద పడితే ఫరవాలేదు, అక్కడ స్టీలు బెల్టు ఉంటుంది. పక్క గోడలో స్టీలు ఉండదు, పాలియెస్టర్ పొరలే. టైరు పక్కనే చిన్న అక్షరాల్లో ట్రెడ్‌లో ఎన్ని పొరలో, సైడ్‌వాల్‌లో ఎన్ని పొరలో అచ్చేసి ఉంటుంది. షాపులో టైరును దొర్లించి ఆ వరుస చదవండి. చూడటానికి బండగా ఉండే కొన్ని టైర్లకు కూడా సైడ్‌వాల్‌లో ఒక్క పొరే ఉంది. నేను తీసుకున్నవాటికి రెండు. మూడు పొరల ఎల్‌టీ (లైట్ ట్రక్, అంటే చిన్న లారీల రకం) టైర్లు కూడా చూశాను. పండ్ల కాటా మీద పెడితే పాత హైవే టైరు 13.5 కిలోలు, రెండు పొరల ఆల్ టెరైన్ 15.2, ఎల్‌టీ టైరు 18.6 తూగింది. నాలుగు చక్రాల మీద ఇరవై కిలోలు అదనం, అదీ తిరిగే బరువు. రోజూ రాళ్ల క్వారీలోకి పోయే బండి అయితే అదే కొనండి. మాకు రెండు పొరలు, జాగ్రత్తగా గాలి, చాలనుకున్నాను.

షాపులో చూడాల్సినవి, వరుసగా:

1. సైజు తర్వాత ఉండే అంకె, అక్షరం. 107 అంటే ఒక్కో టైరు 975 కిలోలు మోస్తుంది, 111 అంటే 1,090. టి అంటే గంటకు 190 కిలోమీటర్ల దాకా. ఇదే సైజులో 107, 111 రెండూ దొరుకుతాయి. లోడు బండికి 111 అడగండి.
2. తయారీ తేదీ. టైరు పక్కన డాట్ (DOT) అని మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలు. 0924 అంటే 2024లో తొమ్మిదో వారం. ఏడాది దాటినవి వద్దన్నాను. అయిదింటి మీదా విడివిడిగా చూడండి, ఒక్కోటి ఒక్కో స్టాకులోది వస్తుంది.
3. సైడ్‌వాల్ పొరలు.
4. కొండల బొమ్మలో మంచు రేకు ఉన్న గుర్తు. అది మంచు మీద పట్టుకు పెట్టిన పరీక్ష. దేవరకొండలో దానికి డబ్బు కట్టాల్సిన పని లేదు.
5. అయిదో టైరు కూడా అదే రకం. ఎందుకో దశ 6లో.

అపోలో, సియట్, జేకే, ఎంఆర్ఎఫ్, యోకోహామా అన్నిటికీ ఆల్ టెరైన్ రకాలు ఉన్నాయి. ఈ సైజులో, 111లో, రెండు పొరలతో, కొత్త తేదీతో ఏది దొరికితే అది కొనవచ్చు. పేరు కంటే ఆ నాలుగు ముఖ్యం.

ఖర్చు: అయిదు టైర్లు, ఒక్కోటి 11,900, కలిపి 59,500.
ఇప్పటిదాకా మొత్తం (దశ 1తో కలిపి): రూ. 60,670

దశ 3: బిగింపు, మొదటి 4,000 కిలోమీటర్లు

బిగించేటప్పుడు దగ్గరుండి చూసుకున్నవి:

1. రిమ్ము అంచు వైర్ బ్రష్‌తో శుభ్రం చేయడం. పాత రబ్బరు, తుప్పు ఉంటే అక్కడి నుంచి గాలి పోతుంది.
2. కొత్త వాల్వులు. పాతవి ఎండకు పగుళ్లు పట్టి ఉంటాయి.
3. స్టెప్నీతో సహా అయిదు చక్రాలకూ బ్యాలెన్సింగ్.
4. నట్లు మొదట చేత్తో, తర్వాత ఎదురెదురుగా బిగించడం. గాలి గన్నుతో ఒకేసారి బిగిస్తే రోడ్డు మీద ఆ నట్టు మన పానాకు రాదు. చివరి బిగింపు మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కు (బిగింపు బలానికి), 100 కిలోమీటర్ల తర్వాత మరోసారి.

తర్వాత అలైన్‌మెంట్. మెషీన్ అన్నీ పచ్చగా చూపించింది. కొత్త గాడి లోతు అన్నిటికీ 10.4 మి.మీ.

4,000 కిలోమీటర్లకు:

ముందు ఎడమ: 9.3, 9.7, 9.7
ముందు కుడి: 9.3, 9.6, 9.7
వెనక రెండూ దాదాపు: 9.8, 9.4, 9.7

టైర్లు మారినా జబ్బు మారలేదు. వెనక నడుమ అరుగుడు గాలి వల్లే, దాని సంగతి దశ 4లో చూశాను. ముందు బయటి అంచు అరుగుడే అర్థం కాలేదు, అలైన్‌మెంట్ కాగితం మీద సరిగ్గా ఉంది కదా. జాకీ మీద ముందు చక్రం లేపి, గడియారంలో తొమ్మిది, మూడు ఉండేచోట రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ ఊపితే టక్కుమని చిన్న చప్పుడు. టై రాడ్ ఎండ్‌లో (స్టీరింగును చక్రానికి కలిపే కీలులో) ఆట, అంటే లూజు. బండి మెషీన్ మీద నిలబడి ఉన్నప్పుడు కొలత సరిగ్గానే వస్తుంది. గతుకుల్లో పడ్డాక ఆ లూజు మేరకు చక్రం పక్కకు తిరుగుతుంది. పన్నెండు, ఆరు దగ్గర పట్టుకుని ఊపితే బాల్ జాయింట్, బేరింగ్ సంగతి తెలుస్తుంది. అవి బాగానే ఉన్నాయి.

రెండు టై రాడ్ ఎండ్లు మార్పించి, మళ్లీ అలైన్‌మెంట్ చేయించాను. ఆ తర్వాత బయటి అంచు, నడుమ తేడా పెరగలేదు. క్రమం ఇది: ముందు ఊపి చూడాలి, లూజు ఉంటే మార్చాలి, ఆ తర్వాతే అలైన్‌మెంట్.

డీజిల్ మాట. పాత టైర్ల మీద లీటరుకు 12.6 వచ్చేది, కొత్తవాటితో 11.9 చూపించింది. దీనిలో కొంత లెక్క తేడా. పాత టైరు కంటే కొత్త దానికి గాడి 7.6 మి.మీ. ఎక్కువ, అంటే టైరు ఎత్తు 15 మి.మీ. ఎక్కువ. అదే దూరానికి చక్రం రెండు శాతం తక్కువ తిరుగుతుంది, మీటరు రెండు శాతం తక్కువ దూరం చూపుతుంది. హైవే రాళ్లతో సరిచూస్తే అంతే వచ్చింది. సరిచేస్తే నిజమైన మైలేజీ 12.1. ఆ తగ్గిన అర కిలోమీటరు ఆల్ టెరైన్ టైరు ధరలో భాగమే. 20,000 కిలోమీటర్లకు సుమారు 65 లీటర్ల డీజిల్ ఎక్కువ పడుతుంది. టైరు కొనేటప్పుడు ఈ లెక్క కూడా పక్కన రాసుకోండి.

ఖర్చు: బిగింపు, వాల్వులు, బ్యాలెన్సింగ్ 1,250, అలైన్‌మెంట్ 700, టై రాడ్ ఎండ్లు కూలీతో 2,600, మళ్లీ అలైన్‌మెంట్ 700. పాత టైర్లు అమ్మితే వచ్చినవి 3,000.
మొత్తం: రూ. 62,920

దశ 4: గాలి పట్టిక

ఈ పని మొత్తంలో అన్నిటికంటే లాభం ఇచ్చింది ఇదే. అందుకే వివరంగా రాస్తున్నాను.

మొదట, గాలి తగ్గిస్తే టైరు నేలను ఎంత పట్టుకుంటుందో చూశాను. చదునైన సిమెంటు కల్లం మీద బండి నిలిపి, టైరు చుట్టూ ముగ్గు పిండి చల్లి, బండి మెల్లగా ముందుకు తీశాను. పిండి లేని చోటే టైరు ఆనిన జాగా. ముందు చక్రానికి 35 పాయింట్ల దగ్గర ఆ జాగా పొడవు 18.5 సెం.మీ., 28 దగ్గర 21, 20 దగ్గర 25. వెడల్పు పెద్దగా మారదు, పెరిగేది పొడవే. ఇసుకలో, బురదలో దిగబడకుండా కాపాడేది ఆ పొడవు.

రెండోది సుద్ద గీత. ట్రెడ్ మీద అడ్డంగా సుద్దతో గీత గీసి, నేరుగా ఉన్న తారు రోడ్డు మీద కొద్ది దూరం నడపాలి. గీత అంతటా సమానంగా చెరిగితే గాలి సరి. నడుమ చెరిగి అంచులు మిగిలితే ఎక్కువ, అంచులు చెరిగి నడుమ మిగిలితే తక్కువ. ఖాళీ బండికి వెనక 42 దగ్గర నడుమ మాత్రమే చెరిగింది, 36 దగ్గర కూడా అంతే. 30 దగ్గర గీత మొత్తం పోయింది.

మూడోది వేడి లెక్క. చల్లటి టైరుకు, గంటసేపు హైవే మీద నడిచిన టైరుకు తేడా నాలుగు పాయింట్ల చుట్టూ ఉండాలని అనుభవజ్ఞులు చెప్పే కొండగుర్తు. ఎక్కువ పెరిగితే టైరు బాగా మడత పడుతూ వేడెక్కుతోందని అర్థం. 500 కిలోల లోడుతో వెనక 36 పెట్టి బయల్దేరితే ఇబ్రహీంపట్నం దగ్గర 43 చూపించింది, పెరుగుదల ఏడు. 42 పెట్టి బయల్దేరితే 46, పెరుగుదల నాలుగు. లోడుకు 42 సరైన అంకె, ఖాళీకి తప్పు అంకె. రెండు పరీక్షలూ ఒకే మాట చెప్పాయి.

పట్టిక (ముందు, వెనక):

తారు రోడ్డు, ఖాళీ: 33, 30
తారు రోడ్డు, 500 కిలోలు: 34, 42
గట్టి మట్టి బాట, ఖాళీ: 28, 26
పలుగురాళ్ల చెల్క, లోడు: 34, 40, నడక వేగం
నల్లరేగడి బురద లేదా ఇసుక, ఖాళీ: 20, 18, గంటకు 20 కిలోమీటర్లు దాటకుండా

ఇవి ఈ బండి బరువుకు వచ్చిన అంకెలు. మీ బండికి డోరు దగ్గరి స్టిక్కరు మీది అంకెతో మొదలుపెట్టి సుద్ద గీతతో సరిచేసుకోండి.

ఎండాకాలం ఒక జాగ్రత్త. మేలో పొద్దున 33 పెట్టిన టైరు మధ్యాహ్నం ఎండలో నిలబడి ఉంటేనే 36 చూపుతుంది, నడిస్తే ఇంకా పెరుగుతుంది. ఎక్కువైందని భయపడి గాలి తీయకండి. టైరు కంపెనీలు ఆ పెరుగుదలను లెక్కలో పెట్టుకునే తయారుచేస్తాయి. వేడిలో తీస్తే మర్నాడు పొద్దున 29, 30కి పడిపోతుంది, మళ్లీ లోడుతో హైవే ఎక్కితే టైరు పేలేది అప్పుడే. నైట్రోజన్ గురించి అందరూ అడుగుతారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంటుంది. రోజూ గాలి దించి ఎక్కించే బండికి దానితో లాభం లేదు.

ఈ పట్టిక పాటించాలంటే గాలి పంపు మన దగ్గరే ఉండాలి. బ్యాటరీకి నేరుగా క్లిప్పులు తగిలించే రకం కొన్నాను. సిగరెట్ లైటర్ ప్లగ్గు పంపుకు ఇంత పెద్ద టైరు నింపేలోపు ఫ్యూజు పోవచ్చు. ఇది 20 నుంచి 33కి ఒక్కో టైరును నాలుగు నిమిషాల్లో నింపుతుంది.

ఖర్చు: పంపు 4,200.
మొత్తం: రూ. 67,120

దశ 5: దెబ్బలు

*కంది కొయ్యలు.* కంది కోసిన చేలో మిగిలే కొయ్యలు ఏటవాలు కోతతో బల్లెంలా నిలబడి ఉంటాయి. పచ్చిగా ఉన్నప్పుడు వంగుతాయి, ఫిబ్రవరి తర్వాత ఎండి గట్టిపడతాయి. ఒకటి ట్రెడ్ సందులోంచి నేరుగా దిగింది. ఆల్ టెరైన్ టైరుకు బటన్ల నడుమ రబ్బరు పలచనే, అది గుర్తుంచుకోండి. పత్తి కట్టెలూ ఇంతే, కాకపోతే కాస్త మెత్తన. మార్చినవి: రోటవేటర్ తిరిగేదాకా చేలోకి బండి పోదు. తప్పనిసరైతే సాళ్ల వెంట, రెండు వరుసల నడుమ చక్రం పెట్టి పోతుంది, సాళ్లకు అడ్డంగా పోదు.

*సర్కారు తుమ్మ.* కాలువ గట్ల వెంట కొట్టి పడేసిన కంప మీది నుంచి పోతే ముళ్లు విరిగి టైరులో ఉండిపోతాయి. చాలావరకు లోపలికి చేరవు. చేలో వాటిని పీకకూడదు, గాలి ఆపుతున్నది ఆ ముల్లే కావచ్చు. ఇంటికి వచ్చాక సబ్బు నీళ్లు చల్లి, బుడగ వచ్చిన దానికి సుద్దతో గుర్తు పెట్టి, అప్పుడు పీకుతాను.

ఈ ముళ్ల కోసమే రెండు చక్రాల్లో సీలెంట్ ద్రవం పోసి చూశాను. సన్నని రంధ్రాలను మూసింది, నిజమే. కానీ రాత్రంతా నిలబడితే ద్రవం కిందికి చేరి, పొద్దున హైవే మీద 70 దాటగానే స్టీరింగ్ వణికింది. వాల్వు పిన్ను జిగురు పట్టి గేజి తప్పు అంకె చూపింది. టైరు విప్పించి కడిగించి, మళ్లీ బ్యాలెన్సింగ్ చేయించాను. ట్రాక్టరు ట్రాలీకి బాగుంటుందేమో, హైవే ఎక్కే బండికి వద్దు.

*పలుగురాయి.* సుమారు 13,000 కిలోమీటర్ల దగ్గర, బత్తాయి ట్రేలతో తోట నుంచి పైకి వస్తుంటే వెనక కుడి టైరు పక్క గోడ రెండు అంగుళాలు కోసుకుపోయింది. కింద ఒర్రెలో ఇసుక దాటడానికి వెనక గాలి 22కి దించి ఉంది. ఇసుక దాటాక రాళ్ల ఎత్తు మీదికి అదే గాలితో, అదే లోడుతో ఎక్కింది. లోడుకు పక్క గోడ బయటికి ఉబ్బి, ట్రెడ్ అంచు దాటి వచ్చింది. రాయి తగిలింది ఆ ఉబ్బుకే.

ఊళ్లో పంక్చర్ షాపు అన్న చూసి, "ప్లగ్గు కొడితే గాలి ఆగుతది అన్నా, కానీ నేను కొట్టను. రోడ్డు మీద పేలితే పానాలు పోతయి" అన్నాడు. ఆయన మాటే సరైనది. ప్లగ్గు, మష్రూమ్ ప్యాచ్ ఏదైనా ట్రెడ్ భాగానికే, అదీ 6 మి.మీ. లోపు రంధ్రానికే. అంచుకు, పక్క గోడకు రిపేరు లేదు. గోడలో దారాలు తెగితే ఆ బలం తిరిగి రాదు.

గాలి దించితే ఎక్కడైనా మంచిదే అని చెప్పేవాళ్లు ఎక్కువ. ఆ సలహా ఇసుకకు, బురదకు, ఖాళీ బండికి సరిపోతుంది. మన పలుగురాళ్ల చెల్కల్లో లోడుతో ఉంటే పక్క గోడను రాయికి అప్పగించినట్టే. పట్టికలో ఆ వరుసకు 34, 40 ఉన్నది ఈ దెబ్బ తర్వాతే. ఇప్పుడు ఒర్రె దగ్గర క్రమం ఇది:

1. లోడుతో వస్తే ఇసుక దాటేచోట గాలి దించను. సగం ట్రేలు దించి, రెండు విడతలుగా దాటిస్తాను.
2. ఖాళీగా ఉండి గాలి దించితే, ఇసుక దాటిన వెంటనే, రాళ్లు మొదలుకాకముందే నింపుతాను.
3. రాయి పక్కనుంచి తప్పించబోతే పక్క గోడ రాసుకుంటుంది. చిన్న రాయి అయితే ట్రెడ్ నేరుగా దాని మీద పెట్టి మెల్లగా ఎక్కిస్తాను.

*రిమ్ము లీకు.* నేరేడుగొమ్ము వైపు సాగర్ బ్యాక్‌వాటర్ ఒండ్రులో 16 పాయింట్లకు దించి నడిపాక, రెండు చక్రాల్లో వారానికి నాలుగు పాయింట్లు పడిపోవడం మొదలైంది. ట్రెడ్ మీద ముల్లు లేదు, వాల్వు బాగుంది. రిమ్ము అంచున సబ్బు నీళ్లు పోస్తే సన్నటి నురగ. గాలి అంత తక్కువ ఉన్నప్పుడు టైరు అంచు రిమ్ము నుంచి కొద్దిగా కదిలి, నడుమ ఒండ్రు చేరింది. విప్పించి, బ్రష్ కొట్టించి బిగిస్తే ఆగింది. 18 కంటే కిందికి దించడం మానేశాను.

ఖర్చు: ప్లగ్గు కిట్ 550, కొత్త టైరు బిగింపుతో 12,550, మష్రూమ్ ప్యాచ్‌లు రెండు 600, సీలెంట్ 400, కడిగించి బ్యాలెన్సింగ్ 300, రిమ్ముల శుభ్రం 400.
మొత్తం: రూ. 81,920

దశ 6: టైర్ల జాగాల మార్పిడి

మా బండిలో ఫోర్ బై ఫోర్ వేస్తే ముందు, వెనక ఇరుసులు ఒకే వేగంతో తిరుగుతాయి, నడుమ డిఫరెన్షియల్ (వేగాల తేడాను సర్దే గేర్లు) లేదు. ముందు, వెనక టైర్ల గాడిలో 3 మి.మీ. తేడా ఉంటే ఒక్కో చుట్టుకు 19 మి.మీ. తేడా. కిలోమీటరుకు చక్రం సుమారు 425 సార్లు తిరుగుతుంది కాబట్టి కిలోమీటరుకు 8 మీటర్ల తేడా వస్తుంది. మట్టి మీద చక్రం కొద్దిగా జారి సర్దుకుంటుంది. గట్టి నేల మీద ఆ భారమంతా గేర్లు, షాఫ్టుల మీద పడుతుంది. అందుకే అయిదు టైర్లూ సమానంగా అరగాలి, అందుకే స్టెప్నీ కూడా అదే రకం.

ప్రతి 4,000 కిలోమీటర్లకు, ఇంటి దగ్గరే:

1. వెనక రెండూ అదే పక్క ముందుకు.
2. ముందు కుడి, వెనక ఎడమకు.
3. స్టెప్నీ, వెనక కుడికి.
4. ముందు ఎడమ, స్టెప్నీ జాగాకు.
5. కొత్త జాగాకు తగ్గట్టు గాలి సరిచేయడం, నట్లు టార్క్‌కు బిగించడం, 100 కిలోమీటర్లకు మళ్లీ చూడటం.

బాణం గుర్తు ఉన్న, ఒకే దిక్కుకు తిరగాల్సిన టైర్లకు ఈ వరుస పనికిరాదు. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కిందికి వెళ్లొద్దు, ఇనుప స్టాండ్లు పెట్టండి.

12,000 దగ్గర కొలిస్తే అయిదు టైర్లూ 8.1 నుంచి 8.8 లోపే ఉన్నాయి. కోసుకుపోయిన టైరు బదులు స్టెప్నీ ఎక్కినప్పుడు పక్కదానితో తేడా అర మిల్లీమీటరే. కొత్తగా కొన్న 10.4 మి.మీ. టైరును మాత్రం మార్పిడిలో కలపలేదు. అది స్టెప్నీగానే ఉంది. దారిలో వేయాల్సి వస్తే ఫోర్ బై ఫోర్ వేయకుండా ఇంటికి చేరడానికే. ఇప్పుడు మార్పిడి నాలుగింటికే.

స్టెప్నీలో 42 ఉంచుతాను. దించడం ఎప్పుడైనా దించుకోవచ్చు, నడిరోడ్డు మీద నింపుకోవడమే కష్టం.

ఖర్చు: స్టాండ్లు 1,800.
మొత్తం: రూ. 83,720

దశ 7: 20,000 దగ్గర

నాలుగు టైర్లు 6.5 నుంచి 7.2 దాకా, సగటు 6.9 మి.మీ. ఒకే టైరులో అంచుకు, నడుమకు తేడా ఎక్కడా 0.3 దాటలేదు. స్టెప్నీలో విశ్రాంతిగా ఉన్న దూరం తీసేస్తే ఒక్కో టైరు సుమారు 17,600 కిలోమీటర్లు నేల మీద నడిచింది. అరుగుదల వెయ్యి కిలోమీటర్లకు 0.2 మి.మీ. 3 మి.మీ. ఆఖరు అనుకుంటే ఇంకా 19,500 కిలోమీటర్లు వస్తాయి, అంటే మొత్తం 39,500. ఆ దూరానికి ఇప్పటిదాకా పెట్టిన ఖర్చు కిలోమీటరుకు 2 రూపాయల 12 పైసలు. తర్వాతి సెట్టుకూ పనికొచ్చే గేజిలు, పంపు, ప్లగ్గు కిట్, స్టాండ్లు తీసేస్తే 1 రూపాయి 93 పైసలు. అదనపు డీజిల్ దీనికి వేరు.

వెనక ఎడమ టైరులో రెండు బటన్ల అంచులు చిట్లాయి, లోపలి పొర కనిపించడం లేదు. చిట్లినచోట పెయింటు చుక్క పెట్టాను. 24,000 మార్పిడి అప్పుడు చిట్లు చుక్క దాటి పెరిగితే ఆ టైరును ముందుకు వేయను, వెనకే ఉంచుతాను. ఆ మార్పిడికి ముందే టై రాడ్లు మళ్లీ ఊపి చూడాలి, లోడుతో వెనక ఇరుసు మరోసారి తూకం వేయాలి. ఈ సీజన్ నుంచి ట్రేలు పెద్దవి వస్తున్నాయి, 42 పాయింట్లు సరిపోతాయో లేదో ఆ చీటీ చూశాకే తేలుతుంది.